గంటకు ఆరువందల క్వాచాలు

మా మలావీ రాజధాని లిలాంగ్వేలో అయిదు రోజుల బడ్జెట్ శిక్షణకు వెళ్లొచ్చాక నా కాళ్లు నేల మీద నిలవలేదు. ఖర్చులో పదోవంతు మా చిన్న సేవాసంస్థ పెట్టుకుంటే మిగతాది విదేశీ దాతలు ఇస్తారు. మా దగ్గర పదోవంతు మాట దేవుడెరుగు, మోటారు సైకిల్‌కు పెట్రోలే గగనం. ఊళ్లలో ఉచితంగా పనిచేసే ఆడవాళ్ల కష్టానికి ధర కట్టి, దాన్నే మా వాటాగా చూపించవచ్చని అక్కడ చెప్పారు. నియమాల్లో ఉన్నదే. నాకు ఎగిరి గంతేయాలనిపించింది.

మంచం పట్టిన రోగుల ఇళ్లకు తిరిగే పన్నెండు మందిలో ఎస్నాతి పెద్దది. ఒళ్లు తుడిచేది, గంజి కాచేది, పక్కబట్టలు ఉతికేది. మూడేళ్లలో మేమిచ్చింది ఒక గొడుగు. ఆమె పేరుకు ఎదురుగా ఏడాదికి ఎనిమిది వందల గంటలు, గంటకు ఆరువందలు, మొత్తం నాలుగు లక్షల ఎనభై వేల క్వాచాలని రాశాను. లెక్కలు దాచకూడదని కూడా నేర్పారుగా! అంతా అందరికీ అర్థమయ్యేలా మా భాష చిచేవాలో రాసి, పేర్లతో సహా ఆఫీసు గోడకు అంటించాను. తెలివి ఎక్కువైతే ఇంతే.

వారం తిరక్కుండా ఎస్నాతి వచ్చింది. కూర్చోమన్నా కూర్చోలేదు.

"ఆ డబ్బెక్కడ పెట్టావే అని మా అన్న ఇల్లంతా గాలించాడు బాబూ. ఇంటికి రేకులేయించకుండా దాచుకున్నానంట. చర్చిలో ఆడాళ్లు పక్కన కూర్చోనివ్వట్లేదు. జీతం తింటా దేవుడి పనని నీలుగుతున్నానంట."

"అది నిజం డబ్బు కాదు పిన్నీ. నీ కష్టానికి కట్టిన విలువ. కాగితం మీదే ఉంటుంది."

"మరి కాగితం మీదున్నది నేనెట్టా తిన్నాను? వచ్చి ఆ మాటే వాళ్లకి చెప్పు."

చెప్పొచ్చు. అప్పుడే లేచి ఆమె వెంట వెళ్లొచ్చు. కానీ శుక్రవారం ఆడిటర్ వస్తున్నాడు. ఇంత ధర కట్టింది మా వాటా చూపించుకోవడానికే, వాళ్లకు చిల్లిగవ్వ రాదని అందరిలో తేలిపోతే, ఆ పన్నెండు మందీ పనిగంటల పట్టీల మీద సంతకం పెట్టరేమోనని భయపడ్డాను.

"ఆదివారం తప్పకుండా వస్తా పిన్నీ, ఒట్టు" అంటూ పట్టీ ఆమె ముందుకు తోశాను. సిగ్గులేని పని.

ఎస్నాతి సంతకం పెట్టింది. పెన్ను వదలకుండానే అడిగింది.

"ఈ ఆరువందలని ఎవరేశారు?"

"నేనే."

"అయితే నా గంట ఖరీదెంతో నీకు తెలుసన్నమాట. వానల్లో జ్వరమొచ్చి, మినీబస్సుకి అయిదొందలు అడిగితే, నీకు బడ్జెట్లో చోటు లేదు పిన్నీ అన్నావే!"

నేను పట్టీ తీసి ఫైల్లో పెట్టుకున్నాను.

శుక్రవారం ఆడిటర్ మా పట్టీలు చూసి, జిల్లాలో ఇంత శుభ్రమైన లెక్కలు ఎక్కడా చూడలేదన్నాడు. ఆదివారం చర్చిలో లేచి నిలబడి అంతా చెప్పాను. ఆమె ఒక్క క్వాచా ముట్టలేదని, తప్పు నాదేనని అందరి ముందూ ఒప్పుకున్నాను. ఆడవాళ్లు తలలు దించుకున్నారు. వాళ్లలో ఎస్నాతి లేదు. సంతకం పెట్టిన మర్నాడే బట్టలు మూట కట్టుకుని వెళ్లిపోయిందట. ఎక్కడికో వాళ్ల అన్నకు కూడా చెప్పలేదు.