తోడుకోని పాలు

మెహసాణా పక్క పల్లెలో, పొద్దున మజ్జిగపులుసు లాంటి కఢీ కాచడానికి పారుల్ పెరుగు కుండ మీద మూత తీసింది. రాత్రి తోడు పెట్టిన పాలు పాలలాగే ఉన్నాయి.

"మళ్ళీనా? నీ చెయ్యి పడితే పాలు కూడా మొండికేస్తాయే!" అంది అత్తగారు జీవీబా. గోడవతల పొరుగావిడ కిసుక్కున నవ్వింది.

ఇంట్లో ఏది చెడినా కొత్త కోడలి చేతికి అంటగట్టడం మనకు మాత్రం తెలియనిదా?

పారుల్‌కు ఏడుపు రాలేదు, ఆలోచన వచ్చింది. తోడు పొరుగింటి నుంచి తెచ్చిందే. వాళ్ళ పాలు చక్కగా పేరుకుంటున్నాయి. మరి మా పాలకేమైంది? ఆ సాయంత్రం రెండు గేదెల పాలూ కలపకుండా, వేర్వేరు గిన్నెల్లో అదే తోడు వేసింది. తెల్లవారి చూస్తే చిన్న గేదె పాలు గడ్డగా తోడుకున్నాయి. పెద్ద గేదె మోతీ పాలు మాత్రం గిన్నె వంచితే కదులుతున్నాయి.

"బా, రెండూ నా చేత్తో పెట్టినవే."

జీవీబా గిన్నెలు వంచి వంచి చూసింది. "ఇదేం చిత్రమే!"

మోతీకి పొదుగువాపు. పారుల్ భర్త మేఘజీ, పాత మందేదో మిగిలి ఉంటే తనే సూది వేస్తున్నాడు. పశువుల డాక్టరు అస్మితాబెన్ ఊళ్ళోకి రాగానే పారుల్ గిన్నెలు రెండూ పట్టుకెళ్ళి, సూది సంగతి కూడా చెప్పి అడిగింది.

"ఆ మందు సూక్ష్మజీవుల్ని చంపేది. ఒంట్లోంచి పాలలోకి దిగుతుంది. పాలను పెరుగు చేసేవీ సూక్ష్మజీవులే కదా, వాటినీ బతకనివ్వదు."

"మరిగిస్తే పోదా?"

"పోదమ్మా. ఇంట్లో ఎవరికైనా సూదిమందు పడకపోవడం ఉందా?"

పారుల్‌కు చప్పున గుర్తొచ్చింది. పుట్టింటికొచ్చిన ఆడపడుచు కూతురు జీల్‌కు అలాంటి సూదే ఒకసారి ప్రాణం మీదికి తెచ్చింది. ఇప్పుడు ఒళ్ళంతా దద్దుర్లు. అమ్మమ్మ బుజ్జగించి మరీ తాగిస్తున్నది మోతీ పాలే!

పిల్లను వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్ళారు. సమయానికి వచ్చారన్నారు అక్కడి డాక్టరు. జీవీబా మనవరాలి మంచం వదల్లేదు. "నా చేత్తోనే తాగించానే," అని పారుల్ చెయ్యి పట్టుకుంది.

మర్నాడు మేఘజీ పాలకేంద్రంలో పొయ్యడానికి మోతీ పాల బిందె ఎత్తుకోబోయాడు.

"దించరా," అంది జీవీబా.

"పారబోస్తే ఊరు నవ్వుతుంది బా."

"నవ్వనీ. ఇన్నాళ్ళూ ఊరి పాలలో కలిపింది చాలు."

పాలకేంద్రం దగ్గర వరుసలో ఉన్న ఆడవాళ్ళందరికీ వినబడేలా ఆవిడే చెప్పింది: "మా మోతీకి సూది వేశాం. డాక్టరమ్మ సరేననే దాకా దాని పాలు పొయ్యం. నా కోడలి చేతిలో ఏ లోపమూ లేదు, తెలియకుండా మందు వాడింది మేము. గేదెకు వేసిన మందు గేదెతోనే ఆగదమ్మా, పసిపిల్లల గ్లాసుదాకా వస్తుంది. డాక్టరును అడక్కుండా సూది ముట్టుకోకండి!"