దారి పక్కన ప్రభు బల్ల

ఇనప పొయ్యిలో నిప్పు ఆరకముందే దాన్ని ఇంట్లోంచి మోసుకొచ్చి దారి పక్కన పడేశారు. దాని మీదున్న గిన్నె దొర్లి, సగం ఉడికిన చిక్కుడు గింజలు దుమ్ములో కలిశాయి. తర్వాత మంచం వచ్చింది. బొంతలు వచ్చాయి. బట్టలుతికే తొట్టి వచ్చింది. చివరికి వెర్నెల్ తనంతట తనే మెట్లు దిగి వచ్చింది.

దొర ఎస్టేటుకు మేనేజరైన కెల్సో గుర్రం దిగకుండానే ఇదంతా చేయించాడు. మోసిన ఇద్దరూ నల్లవాళ్ళే, ఆ ఎస్టేటులో పత్తి పండించే కౌలుదార్లే. అందులో ఒకడు క్లీటస్. మొన్న మొన్నటిదాకా వెర్నెల్ వంటింట్లో కూర్చుని, ఆమె మొగుడు లూషస్‌తో కౌలుదార్ల యూనియన్ గురించి గుసగుసలాడినవాడు. ఇప్పుడతను ఆమె మొహం చూడలేదు. కాలిన అరచేతిని చొక్కాకి రుద్దుకుంటూ పక్కకి తప్పుకున్నాడు.

"ఆదివారం సాయంత్రానికల్లా నువ్వీ జిల్లాలో కనపడకూడదు," అన్నాడు కెల్సో.

"నా మొగుడు మీ జైల్లో ఉన్నాడు కదయ్యా. విడిచిపెడితే ఎక్కడికని వస్తాడు?"

"మీటింగులు పెట్టకముందే ఆ సంగతి ఆలోచించుకోవాల్సింది."

దారికి అటూ ఇటూ పొలంలో పారలు పత్తి మొక్కల మధ్య గడ్డి చెక్కుతూనే ఉన్నాయి. అందరూ చూశారు. ఒక్కరూ తల ఎత్తలేదు. ఆర్కన్సాలో ఆ ఏడు వానలు ముందే పడ్డాయి. నాలుగు రోజులు ఊరుకుంటే గడ్డి పత్తిని మింగేస్తుంది. అందుకని దొరకి చేతులు కావాలి, తలలు అక్కర్లేదు.

వెర్నెల్ రెండు కర్రలు పాతి పైన పాత గుడారం గుడ్డ కట్టుకుంది. పొయ్యిని నిలబెట్టి మళ్ళీ రాజేసింది. గోడల్లేని వంటింట్లో పొగ ఎటు పడితే అటు పోయింది. మొక్కజొన్న రొట్టె కాల్చి, అలవాటుకొద్దీ రెండు పళ్ళేలు తీసింది. రెండోదాన్ని చూస్తూ కాసేపు నిలబడి, మళ్ళీ బుట్టలో పెట్టేసింది.

బళ్ళు ఆ దారినే పోతున్నాయి. చిన్నప్పుడు తనతో కలిసి బాప్తిస్మం తీసుకున్నవాళ్ళు, తను పురుడు పోసిన తల్లులు, అందరూ ఆ బళ్ళలో ఉన్నారు. "బాగున్నారా?" అని ఆమె మొదట్లో అడిగింది. ఆ మాటకి కంచరగాడిదలు చెవులు తిప్పాయి గానీ మనుషులు తల తిప్పలేదు. తర్వాత అడగడం మానేసింది. మాట్లాడక గొంతు తుప్పు పట్టినట్టయింది. దేవుడితోనే మాట్లాడుకుంది, అదీ తగువులాగే.

"తోడుంటానన్నావు. ఏదీ? ఎక్కడున్నావు?"

శనివారం మధ్యాహ్నం పాస్టర్ ప్రూయిట్ వచ్చాడు. టోపీ చేతిలో పట్టుకుని పొయ్యికి అవతలే నిలబడ్డాడు.

"రేపు చర్చికి రావొద్దు సిస్టర్."

"రేపు మొదటి ఆదివారం. ప్రభు బల్ల రోజు."

"తెలుసమ్మా. చర్చి కింద నేల దొరది. నువ్వొస్తే తాళం వేయిస్తానన్నాడు కెల్సో. నీతో మాట్లాడినవాళ్ళని కూడా ఇలాగే రోడ్డు మీద పడేస్తాడట. అందరూ పిల్లలు గలవాళ్ళు. నన్నేం చెయ్యమంటావు?"

వెర్నెల్ పొయ్యిలో కట్టె లోపలికి తోసింది. "మీరే చెప్పారు కదా పాస్టరుగారూ, అబ్రాహాము సంగతి. మాట ఇచ్చిపుచ్చుకునేటప్పుడు జంతువుల్ని నరికి, ఆ ముక్కల మధ్య నడవాలని. మాట తప్పితే నాకూ ఇదే గతి అని దానర్థమని. తీరా ఆ వేళకి అబ్రాహాము నిద్రపోయాడు, దేవుడొక్కడే నడిచాడు అన్నారు."

"అవును. అందుకే చెప్తున్నా. మనం తప్పినా ఆయన తప్పడు. నిన్ను చూసుకుంటాడు."

"ఎవరి చేత చూసుకుంటాడు? నేనిక్కడ కూర్చున్నప్పట్నుంచీ దేవదూత ఒక్కడూ రాలేదు. మీ బళ్ళే పోతున్నాయి."

పాస్టరు టోపీ పెట్టుకుని వెళ్ళిపోయాడు.

అతను కనుమరుగయ్యాక వెర్నెల్ ఒక బొంత పరిచి బట్టలన్నీ అందులో వేసి మూటకట్టింది. మెంఫిస్ పట్నంలో చిన్నమ్మ కూతురుంది. వెళితే ఒక మూల పడుకోనిస్తుంది. మూట భుజాన వేసుకుని పది అడుగులు నడిచి, వెనక్కి తిరిగి చూసింది. దారి పక్కన పొయ్యి ఒక్కటే, దిక్కులేని ముసలిదానిలా నిలబడి ఉంది. లూషస్ ఈ దారినే వస్తాడు. వస్తే ఏం చూస్తాడు? ఆమె వెనక్కి వచ్చి మూట విప్పింది.

వాళ్ళ చర్చిలో, గిలియడ్ సంఘంలో, ఒక ఆచారముంది. ప్రతి నెలా మొదటి ఆదివారం అందరూ లేచి నిలబడి ఒకే గొంతుతో నిబంధన, అంటే ఒడంబడిక మాటలు, చెబుతారు. దేవుడు తమతో చేసిన నిబంధనకి బదులుగా తాము ఒకరితో ఒకరు చేసుకునే నిబంధన అది. తాతముత్తాతలు బానిసలుగా ఉన్న రోజుల్లో చెట్ల చాటున చెప్పుకున్న మాటలు. అవి చెప్పాకే ప్రభు బల్ల మీది తెల్లగుడ్డ తీసి, యేసు కడపటి భోజనానికి గుర్తుగా రొట్టె విరుస్తారు. చెప్పనిదే విరవరు.

ఆ ఆదివారం పొద్దున వెర్నెల్ చర్చికి వెళ్ళి ఆఖరి బెంచీ చివర కూర్చుంది. పక్కనున్నవాళ్ళు మెల్లగా ముందు బెంచీలకి జరిగారు. కాసేపటికి ఆ బెంచీ అంతా ఆమెదే అయింది. గుమ్మానికి ఆనుకుని కెల్సో నిలబడి ఉన్నాడు, టోపీ కూడా తియ్యకుండా, ఆమెతో ఎవరు మాట్లాడతారో కనిపెడుతూ.

పాట అయింది. ప్రార్థన అయింది. పాస్టర్ ప్రూయిట్ నిబంధన ఊసెత్తకుండా నేరుగా బల్ల దగ్గరికి పోయి గుడ్డ అంచు పట్టుకున్నాడు.

ఆ గుడ్డ మీద ఇంకో చెయ్యి పడింది. టెంపీ అత్తది. సంఘంలో అందరికన్నా పెద్దది, ఆ గుడ్డని ఏళ్ళ తరబడి ఉతికి ఇస్త్రీ చేస్తున్నది ఆమే.

"నిబంధనేదీ?"

"ఈ ఒక్కసారికి..." పాస్టరు గొంతు తగ్గించాడు. "అత్తా, గుమ్మంలో ఎవరున్నారో చూడు."

"చూశా. నాకింకా కళ్ళు పోలేదు. చెప్పకుండా తియ్యడానికి ఇది నీ వంటింటి బల్లా? చెప్పలేనివాళ్ళం తినడం దేనికి? ఇంటికి పోయి ముల్లంగి ఆకు కూర తిందాం, పదండి."

బెంచీల్లో కలకలం రేగింది.

"నీకేం అత్తా, నీ పిల్లలు పెద్దాళ్ళయిపోయారు!" అరిచిందొకామె. "నాకు చంటిది ఉంది!"

"నీ చంటిదాన్ని బయటికి లాగింది ఎవరే? ఆ ఆఖరి బెంచీలో కూర్చున్నది కాదూ?"

ఆ తల్లి చంటిదాన్ని ఒళ్ళోకి లాక్కుని ఆఖరి బెంచీ వైపు తిరిగి చూసింది.

"దేవుడు నమ్మదగినవాడు, మన తప్పులు..." అని పాస్టరు మొదలుపెట్టాడు.

"నమ్మదగినవాడే, ఎవరు కాదన్నారు? ఆయనొక్కడే నడిచాడు, అబ్రాహాము నిద్రపోయాడు. సరే. కానీ నిద్ర లేచాడు కదయ్యా! మనం ఇంకా లేవలేదు. ఆయన మాట నిలబెట్టుకుంటున్నాడు గనక మనం గురక పెట్టొచ్చా?"

టెంపీ అత్త గొంతెత్తి మొదటి మాట చెప్పింది. ఎవరూ కలవలేదు. రెండో మాట చెప్పింది. ముందు బెంచీలో ముసలాయన లేచాడు. ఆయన వెనక ఇద్దరు లేచారు. గొంతులు ఒక్కొక్కటే కలిశాయి, కోరస్‌లా కాదు, దగ్గులా. "మాలో ఒకరి కష్టం అందరి కష్టం. మాలో ఎవరినీ దారిలో వదిలి ముందుకు పోము..." అనే చోట ఆ గొంతులన్నీ ఒక్కసారే ఆగిపోయాయి.

ఆ నిశ్శబ్దంలో క్లీటస్ బెంచీల మధ్యకి వచ్చాడు. కుడి అరచెయ్యి పైకెత్తి అందరికీ చూపించాడు. బొబ్బలు చితికి ఎర్రగా ఉంది.

"ఆ పొయ్యి మోసింది నేనే. కెల్సో మొయ్యమన్నాడు, మోశా. ఈ చేత్తో నేను రొట్టె పట్టుకోలేను." ఆఖరి బెంచీ దాకా నడిచి అదే చెయ్యి చాపాడు. "సిస్టర్, కొట్టినా సరే, పట్టుకున్నా సరే."

వెర్నెల్ ఆ చేతిని చూసింది. అన్ని రోజుల తర్వాత తన వైపు చాచిన మొదటి చెయ్యి అది. పట్టుకుంది. క్లీటస్ నొప్పికి పళ్ళు బిగించాడు, కానీ చెయ్యి లాక్కోలేదు.

"మీటింగు అయిపోయిందా?" గుమ్మంలోంచి కెల్సో అరిచాడు. "ఇంకొక్క నిమిషం ఉంటే ఈ చర్చికి తాళం పడుతుంది!"

"వేసుకోండి," అన్నాడు పాస్టర్ ప్రూయిట్. తన గొంతు విని తనే ఉలిక్కిపడ్డట్టు చూశాడు. తర్వాత ఒంగి బల్ల ఒక చివర పట్టుకున్నాడు. "బ్రదర్స్, రెండో వైపు పట్టండి. గుడ్డ కదలనివ్వకండి."

బల్ల గుమ్మం దాటుతుంటే కెల్సో పక్కకి తప్పుకోవాల్సి వచ్చింది. సంఘమంతా దాని వెనకే దారి వెంట నడిచింది. పొయ్యి పక్కన దుమ్ములో బల్ల దింపి, ఆగిన చోటునుంచి నిబంధన మళ్ళీ అందుకుని ఆఖరి మాట దాకా చెప్పారు. ఆ తర్వాతే గుడ్డ తీశారు. రొట్టె వెర్నెల్ దాకా వచ్చేసరికి కెల్సో ఇద్దరు తుపాకీ మనుషులతో గుంపుని చీల్చుకుంటూ వచ్చాడు.

"సాయంత్రమైంది," అన్నాడు. ఎండ ఇంకా నడినెత్తిమీదే ఉంది.

షెరీఫ్ వచ్చేదాకా ఆమెని పత్తి కొట్లో పెట్టి తలుపు బిగించారు. కిటికీ లేని గది. పాత దూది వాసన. వెర్నెల్ గోడకి ఆనుకుని కూర్చుంది. మళ్ళీ ఒక్కతే. వాళ్ళేం చేస్తారు? ఆదివారం పాట పాడినవాళ్ళు సోమవారం పార పట్టరా? దారి పక్కన కూర్చున్నప్పటికన్నా ఇప్పుడే గుండె ఎక్కువ బరువెక్కింది. అప్పుడు ఆశ లేదు. ఇప్పుడుంది.

తెల్లవారే వేళకి పొలానికి పిలిచే గంట మోగింది. ఆమె ఊపిరి బిగబట్టి విన్నది. బండి చక్రాల చప్పుడు లేదు. పార మీద పార తగిలిన చప్పుడు లేదు. గంట ఆగి, మళ్ళీ మోగింది. ఇంకోసారి, ఈసారి పిచ్చిపట్టినట్టు. ఎవరో బూతులు తిట్టారు. గుర్రం అటు పరిగెత్తింది, ఇటు పరిగెత్తింది.

తలుపు తెరుచుకుంది. కెల్సో చొక్కా గుండీలు సరిగా పెట్టుకోలేదు.

"వాళ్ళందరూ ఆ పొయ్యి దగ్గర కూర్చున్నారు. లెమ్మంటే లేవట్లేదు. పనిలోకి పొమ్మని చెప్పు."

"నన్నెందుకు చెప్పమంటావు? మేనేజరువి నువ్వు కదా."

"నువ్వు చెప్తేనే వింటారట!"

"అయితే లూషస్‌ని జైల్లోంచి తీసుకురా. అతనితో వెళ్ళి చెప్తా, ఏం చెప్పాలో." ఆమె లేచి బట్టలకి అంటిన దూది దులుపుకుంది. "తొందరేం లేదులే. గడ్డి మాత్రం ఆగదు."

అతని భుజం మీదుగా పొలం కనిపించింది. చాళ్ళ మీద ఎండ పడుతోంది. ఈ చివరనుంచి ఆ చివరదాకా ఒక్క మనిషి లేడు. అంత ఖాళీ పొలాన్ని వెర్నెల్ ఎన్నడూ చూడలేదు. తనివితీరా చూసింది.