మొహమాటానికి ఇచ్చిన డోలు

మా ఊరి పెద్ద డోలు మంగళవారం మధ్యాహ్నం, భోజనాలయ్యాక, మా ఇంటి గుమ్మం దాటి వెళ్ళిపోయింది. ఎవరూ దొంగిలించలేదు. మా బావమరిది ఖోదాదాద్ దాన్ని స్వయంగా మోసుకెళ్ళి అవతలి జట్టు మనిషి కారు డిక్కీలో పెట్టాడు. గీతలు పడకుండా కింద దుప్పటి కూడా పరిచాడు.

ఇది అర్థం కావాలంటే ముందు మా జట్టు సంగతి కాస్త చెప్పాలి. మా శూరాబ్ రేవులో ఫుట్‌బాల్ మా తాతల కాలంలో మొదలైంది. సముద్రం వెనక్కి తగ్గినప్పుడు తడి ఇసుకలో ఆడేవాళ్ళు. పోటు వస్తే ఆట ఆగిపోయేది, అప్పటికి ఎవరు ముందుంటే వాళ్ళు గెలిచినట్టు. మా కుర్రాళ్ళకి ఈనాటికీ రెండో సగంలో ఊపిరి చాలకపోవడానికి అదే కారణమని పెద్దలంటారు. ముత్యాల కోసం నీళ్ళలో మునిగేవాళ్ళు పెట్టిన జట్టు కనుక దానికి మోర్వారీద్ అని పేరు పెట్టారు. ముత్యమని అర్థం. ముత్యాలు ఎప్పుడో అయిపోయాయి, జట్టు మిగిలింది. ఇన్నేళ్ళలో మాకు దక్కిన కప్పు ఒక్కటే. అది కూడా ఫైనల్ రోజున అవతలి జట్టు బస్సు ఎడారిలో చెడిపోయినందువల్ల వచ్చింది. అయినా ఏటా మా కొత్త సంవత్సరం నౌరోజ్‌కి ఆ కప్పును తోమి, గులాబీ నీళ్ళు చల్లి, బజారంతా తిప్పుతాం. బస్సు చెడగొట్టినవాడు దేవుడే కదా అని మా వాళ్ళ నమ్మకం. ఆ బస్సులో ఉన్నవాళ్ళు కూడా బయలుదేరే ముందు దువా చదివే ఉంటారు. ఆ సంగతి నేను మాత్రమే ఆలోచిస్తుంటాను, పైకి అనను.

డోలు ఖోదాదాద్ తాత చేసింది. ఒడ్డుకు కొట్టుకొచ్చిన పడవ చెక్కకి రెండు వైపులా మేకతోలు బిగించాడు. మొహర్రంలో మసీదు ముందు మొదట మోగేది అదే, ఆట రోజు మైదానంలో మొదట మోగేదీ అదే. చిన్న డోళ్ళు, తాళాలు, కొమ్ముబూర అన్నీ దాని వెనకే రావాలి. పెద్ద డోలు మొదలవకుండా చిన్న డోలు మీద చెయ్యి వేసినవాడు మా ఊళ్ళో పుట్టలేదు. మా మామగారు పోయాక డోలు ఖోదాదాద్ చేతికి వచ్చింది, దానితోపాటు అభిమానుల నాయకత్వం కూడా. వాడికి వేరే ఆస్తి లేదు, వేరే గొప్పా లేదు.

ఈ ఏడు చివరి ఆట శుక్రవారం, బోర్జక్ జట్టుతో. మేం గెలిస్తే పై లీగులో ఉంటాం, వాళ్ళు కిందికి పోతారు. ఓడినా, సమంగా ముగిసినా మేమే కిందికి. నిరుడు ఇదే ఆటలో పుచ్చకాయ తొక్కలు విసురుకున్నారు కనుక, ఎవరు ఎక్కడ కూర్చోవాలో ముందే మాట్లాడుకుందామని బోర్జక్ అభిమానుల నాయకుడు జహాంగీర్ కొండ దిగి మా ఊరు వచ్చాడు. గుబురు మీసాలతో పెద్దమనిషిలా ఉన్నాడు. ఖోదాదాద్ ఇల్లు ఇరుకు, అందుకని డోలు ఉండేది మా ఇంట్లోనే, భోజనం కూడా అక్కడే పెట్టాం. నా భార్య మాహ్‌బీబీ చింతపండు పోసి చేపల పులుసు చేసింది. జహాంగీర్ రెండుసార్లు వడ్డించుకుని, చేతులు కడుక్కుని, గోడకి ఆనించిన డోలును చూశాడు.

"డోలంటే ఇదీ, ఆగా. మా వైపు ఇలాంటిది లేదు" అన్నాడు. ఆగా అంటే అయ్యా అని.

మా దేశంలో ఎవరైనా మీ వస్తువును మెచ్చుకుంటే ఏమనాలో పాలు తాగే పిల్లలకి కూడా తెలుసు. ఖోదాదాద్ అదే అన్నాడు.

"మీకంటే ఎక్కువా? మీదే అనుకోండి."

"అయ్యో, ఎంతమాట. మీ చేతిలో ఉంటేనే దానికి అందం."

అక్కడితో అయిపోవాలి. ఆ తర్వాత టీ తాగాలి. కానీ ఖోదాదాద్‌కి మర్యాద తలకెక్కింది.

"లేదు లేదు, తీసుకెళ్ళండి."

"వద్దు ఆగా, నన్ను సిగ్గుపడేలా చెయ్యకండి."

"మీరు తీసుకెళ్ళకపోతే నేను బాధపడతాను."

నేను దగ్గాను. వాడు వినలేదు.

"మా నాన్న ఆత్మ మీద ఒట్టు, మీరు ఈ డోలు తీసుకెళ్ళాల్సిందే" అన్నాడు.

జహాంగీర్ మొహం తెల్లబోయింది. చనిపోయిన మనిషి మీద ఒట్టు పెట్టాక కాదనడం ఎలాగో అతనికీ తోచలేదు. నా వైపు చూశాడు. ఆ ఇంటి పెద్దను నేను. "ఇవ్వకు" అని నేనెలా అంటాను? "మీకు తప్పదు" అన్నాను. నా నోరు కూడా అదే బడిలో చదువుకుంది మరి.

కారు సందు మలుపు తిరిగేదాకా ఖోదాదాద్ గుండె మీద చెయ్యి పెట్టుకుని, తల వంచి నిలబడ్డాడు. తర్వాత మెట్టు మీద కూలబడ్డాడు.

"బావా, తీసుకెళ్ళిపోయాడు."

"డిక్కీలో పెట్టింది నువ్వేగా."

"మొహమాటానికి పెట్టాను బావా. ఆ మాత్రం తెలుసుకోవద్దూ?"

మాహ్‌బీబీ వంటింట్లోంచి వచ్చి గోడ వైపు చూసింది, తమ్ముడి వైపు చూసింది. "నాన్న ఆత్మ మీద ఒట్టా? నాన్న బతికుంటే ఆ డోలు కర్ర నీ మీదే వాయించేవాడు. ఫోన్ చేసి ఇచ్చెయ్యమని అడుగు."

బట్టలు విప్పి బజారులో నడవమన్నట్టు మేమిద్దరం ఆమెను చూశాం.

సాయంత్రం నమాజు అయ్యాక మసీదులో హాజ్ ఆగాను కలిశాను. ఆయన మా ఇమాం, మా జట్టు ఆట ఒక్కటి కూడా వదలని మనిషి. అడిగాను, "హాజ్ ఆగా, మనసులో లేని మాట మర్యాద కోసం నోటితో అంటే అది అబద్ధం కిందికి వస్తుందా? అలా ఇచ్చింది ఇచ్చినట్టేనా?"

ఆయన చేతిలోని తస్బీహ్ జపమాల పూసలు రెండు జరిపారు. "ఎవరిచ్చారు, ఏమిచ్చారు మష్దీ?" నన్ను ఊళ్ళో అలాగే పిలుస్తారు.

చెప్పాను. పూసలు ఆగిపోయాయి.

"ఇమాంగా చెబుతున్నాను, ఇచ్చింది ఇచ్చినట్టే" అన్నారు. "ఇక శూరాబ్ వాడిగా చెబుతున్నాను. పొద్దున్నే బయలుదేరండి."

బుధవారం పొద్దున నా నీలం వ్యాన్‌లో బోర్జక్ దారి పట్టాం. నేను ఎండు నిమ్మకాయలు, మసాలాలు అమ్ముకునేవాణ్ణి, కొట్టు మూసేసి వచ్చాను. దారిలో ఖోదాదాద్ ఉపాయం చెప్పాడు.

"చాలా తేలిక బావా. మనం డోలుని మెచ్చుకుంటాం. ఆయన 'మీదే, తీసుకెళ్ళండి' అనక తప్పదు. మనం సరే అంటాం."

"అంటావా?"

"నాకు సరే అనడం అలవాటు లేదు. ముందు చిన్న వస్తువుతో సాధన చేస్తాను."

జహాంగీర్ ఇంట్లో డోలు టీవీ పైన గోడకి వేలాడుతోంది. పక్కన ప్లాస్టిక్ పూలు పెట్టారు. జహాంగీర్ ముసలి తల్లి అక్రోటు కాయలు తెచ్చింది, టీ తెచ్చింది, మళ్ళీ టీ తెచ్చింది. ఖోదాదాద్ డోలు వైపు చూడకుండా, దాని పక్కనున్న గోడగడియారాన్ని చూశాడు.

"ఎంత ముచ్చటగా ఉంది గడియారం" అన్నాడు.

"మీకంటే ఎక్కువా? తీసుకెళ్ళండి" అన్నాడు జహాంగీర్.

ఖోదాదాద్ నుదుట చెమట పట్టింది. "సరే" అన్నాడు.

ముసలమ్మ చేతిలో టీ గ్లాసు గాల్లోనే ఉండిపోయింది. కాసేపటికి జహాంగీర్ కుర్చీ ఎక్కి గడియారం దించి, తుడిచి, కాగితంలో చుట్టి ఇచ్చాడు. ఆ గోడ మీద గడియారం ఉన్న చోట గుండ్రంగా తెల్లని మచ్చ మిగిలింది. ఆ మచ్చను చూస్తూ డోలు మాట ఎవరు ఎత్తగలరు? అయినా నేను గుండె చిక్కబట్టుకున్నాను.

"డోలు కూడా... ఇక్కడ చాలా బాగుంది" అన్నాను.

జహాంగీర్ ఒక్క ఉదుటున లేచాడు. "మీకు నచ్చితే తీసుకెళ్ళండి మష్దీ. నిజంగా తీసుకెళ్ళండి. ఇప్పుడే దించుతాను."

సరే అనాలని నోరు తెరిచాను. దేవుడే సాక్షి, సరే అనే అనుకున్నాను. నోట్లోంచి మాత్రం, "అబ్బే, మీ ఇంటికే అది కళ. మీ నీడ మా మీద చల్లగా ఉంటే చాలు" అని వచ్చింది.

"గడియారం ఇచ్చినవాళ్ళ దగ్గర డోలు కూడా పుచ్చుకుంటామా?" అని ఖోదాదాద్ వంత పాడాడు.

జహాంగీర్ మెల్లగా కూర్చున్నాడు. అతని భుజాలు దిగిపోయినట్టు నాకనిపించింది కానీ, ఎందుకో అప్పుడు తెలియలేదు.

ఇంటికి వచ్చేసరికి మాహ్‌బీబీ గుమ్మంలో ఉంది. కాగితం విప్పి చూసింది. "డోలు కోసం వెళ్ళి గడియారం తెచ్చారా? ఇంకో రెండుసార్లు వెళ్ళండి, మంచాలు కూడా వస్తాయి."

ఖోదాదాద్ ఊళ్ళో మాత్రం డోలుకి కొత్త తోలు వేయిస్తున్నానని చెప్పాడు. శుక్రవారం నమాజులో నేను దేవుణ్ణి అడిగాను. మామూలుగా నేను దేవుడి దగ్గర కూడా మొహమాటపడతాను. నీకు ఎలా తోస్తే అలా, మాకంటే నీకే తెలుసు, అని చెప్పి లేచిపోతాను. ఆ రోజు సూటిగా అడిగాను. ఆ డోలు మా ఖోదాదాద్ చేతికి రావాలి, అంతే, అన్నాను.

మైదానం నిండిపోయింది. చిన్న డోళ్ళవాళ్ళు వరసగా నిలబడి, పెద్ద డోలు ఎక్కడని ఖోదాదాద్‌ని చూస్తున్నారు. ఇంతలో ఎదుటి వైపు బోర్జక్ జనం మధ్యలోంచి పెద్ద డోలు పైకి లేచింది. దానికి వాళ్ళ ఎర్ర గుడ్డ కట్టి ఉంది. జహాంగీర్ దాన్ని మెడకి తగిలించుకుని ఒక దెబ్బ వేశాడు.

మా వైపు అందరి తలలూ ఖోదాదాద్ మీదికి తిరిగాయి. "కొత్త తోలు అన్నావు, కొత్త మనిషిని కూడా వేశావేంట్రా" అని కొమ్ముబూర ఊదే ముసలి దర్వీష్ అడిగాడు.

జహాంగీర్‌కి వాయించడం రాదు. మెట్ల మీంచి బిందె దొర్లినట్టుంది ఆ చప్పుడు. కానీ మోగింది పెద్ద డోలే. మా చిన్న డోళ్ళవాళ్ళు కాసేపు పళ్ళు బిగించి ఆగారు. తర్వాత ఒకడి చెయ్యి కదిలింది, తర్వాత ఇంకొకడిది. పెద్ద డోలు మోగాక ఊరుకోవడం వాళ్ళకి తెలియదు. కుంటుకుంటూ ఆ దెబ్బ వెనకే పోయారు. ఆ లయకే పరిగెత్తడం అలవాటైన మా ఆటగాళ్ళు ఒకళ్ళనొకళ్ళు గుద్దుకున్నారు. మా గోల్‌కీపర్ బంతి కోసం దూకాల్సిన చోట ఒక దెబ్బ ఆలస్యంగా దూకాడు. బోర్జక్ గోలు కొట్టింది.

విరామంలో దర్వీష్ అన్నాడు, "బోర్జక్ వాళ్ళు చెబుతున్నారు, నువ్వే ఇచ్చావట కదా. వెళ్ళి అడుగు. అడగలేకపోతే ఇక మా ముందు నిలబడకు."

ఖోదాదాద్ నా చెయ్యి పట్టుకున్నాడు. ఇద్దరం గోలు వెనక నుంచి అవతలి వైపు నడిచాం. రెండు ఊళ్ళూ చూస్తున్నాయి.

"సలాం ఆగా. అలసిపోకుండా ఉందురుగాక. అమ్మగారు బాగున్నారా?" అన్నాడు ఖోదాదాద్.

"మీ దయ. మీ అక్కగారు బాగున్నారా?"

"మీ చల్లని చూపు. కొండ మీద చలి తగ్గిందా?"

"తగ్గింది. మీ వైపు చేపలు పడుతున్నాయా?"

ఆటగాళ్ళు మళ్ళీ మైదానంలోకి వస్తున్నారు. "ఖోదాదాద్" అన్నాను. వాడు కళ్ళు మూసుకున్నాడు.

"ఆగా, నా డోలు నాకిచ్చెయ్యండి. ఆ రోజు ఇవ్వాలని ఇవ్వలేదు. మొహమాటానికి అన్నాను, ఒట్టు కూడా దానికే పెట్టాను. అది లేకపోతే నేనెవర్నీ కాను."

నాకు నేలలోకి దిగిపోవాలనిపించింది. జహాంగీర్ ఊపిరి గట్టిగా వదిలాడు.

"ఆ మాట మూడు రోజుల కిందట అనొచ్చుగా? మీ నాన్నగారి మీద ఒట్టు పెడితే మిమ్మల్ని అబద్ధాలకోరుని ఎలా చెయ్యను? తిరిగిస్తే అవమానం అంటారు. మా ఇంటికి వస్తే దించుతానని లేచాను, మీరే వద్దన్నారు. ఊళ్ళో పిల్లలంతా వచ్చి దాన్ని కొడుతున్నారు, మా అమ్మకి కంటిమీద కునుకు లేదు." మెడలోంచి డోలు తీసి చాచాడు. "తీసుకోండి."

"మీకేమీ ఇబ్బంది లేకపోతేనే..." అని మొదలుపెట్టాడు ఖోదాదాద్.

నేను వాడి నోరు మూసి, రెండో చేత్తో డోలు అందుకున్నాను.

మా వైపు చేరేసరికి ఆట మొదలైపోయింది. ఖోదాదాద్ ఎర్ర గుడ్డ విప్పి జేబులో పెట్టుకుని, డోలు తగిలించుకుని కర్ర ఎత్తాడు. మొదటి దెబ్బకి చిన్న డోళ్ళన్నీ దారికొచ్చాయి. దర్వీష్ కొమ్ము ఊదుతూనే వాడి భుజం మీద చెయ్యి వేశాడు. ఆ రోజు వాడు వాయించినట్టు వాళ్ళ నాన్న కూడా వాయించలేదు. చివర్లో మా వాళ్ళు ఒక గోలు కొట్టారు. ఇంకొకటి కొట్టేలోపు రిఫరీ ఈల వేశాడు. ఒకటీ ఒకటీ. మేం కింది లీగుకి పడిపోయాం.

జనం పోయాక కూడా ఖోదాదాద్ వాయిస్తూనే ఉన్నాడు. వాడి మొహంలో ఓడిన గుర్తే లేదు. హాజ్ ఆగా నా పక్క మెట్టు మీద కూర్చున్నారు.

"మష్దీ, ఈ రోజు నమాజులో నువ్వు చాలాసేపు కూర్చున్నావు. ఏమడిగావు?"

"డోలు రావాలని అడిగాను హాజ్ ఆగా."

"డోలు ఒక్కటేనా?"

"ఒక్కటే."

ఆయన పూసలు జరుపుతూ మైదానం వైపు చూశారు. "వచ్చే ఏడు అడిగే ముందు ఒకసారి నాతో మాట్లాడు" అన్నారు.