ఎరుపే చదవాలి

కామాని కూడా పైకి చదవాలని ఈ పిల్లకి ఎవరూ చెప్పినట్టు లేదు. చెప్పాల్సింది తనే. ఆ సంగతి సోమవారం నుంచీ తెలుసు, ఇవాళ శుక్రవారం, ఇంకా చెప్పలేదు. చెప్పడానికి నోరు తెరవాలి. నోరు తెరవడం తనకి కొత్తేమీ కాదు. రెండు వేల మంది ముందు తెరిచింది, మైకు కూత పెడుతున్నా ఆగకుండా మాట్లాడింది. కానీ ఈ చిన్న గదిలో, రెండు బల్లల మధ్య, పంతొమ్మిదేళ్ల పిల్లతో ఒక చిన్న మాట అనడానికి నాలుక కదలడం లేదు. కూర్చుని కూర్చుని కాలు తిమ్మిరెక్కితే అది మన కాలేనా అని గిల్లి చూసుకుంటాం. అలాంటిదేదో. గిల్లినట్టు తెలుస్తుంది, నొప్పి మాత్రం రాదు.

"అక్కా, వింటున్నారా? ఆ రెండు లైన్లూ మళ్లీ చదవనా?"

"వింటున్నా. కామా వస్తే కామా అను. ఫుల్‌స్టాప్ వస్తే ఫుల్‌స్టాప్ అను."

"ఆశ్చర్యార్థకం వస్తే?"

"అదీ అనాలి."

"అయితే నా గొంతు పోయినట్టే. పేజీకి పది ఉన్నాయి."

నవ్వొచ్చే మాటే. నవ్వు బయల్దేరిన జాడ కూడా తెలిసింది, ఎక్కడో దారిలో ఆగిపోయింది. ఆమె పెన్సిల్ కొనని అచ్చుపేజీలో కిందటి వాక్యం దగ్గర పెట్టి, కానివ్వమన్నట్టు తల ఊపింది.

ఈ క్రైస్తవ పరిచర్య అచ్చు విభాగంలో ఆమె ప్రూఫులు దిద్దుతుంది. ఇరవై ఏళ్లుగా అదే పని. ఇద్దరు కూర్చోవాలి. ఒకరు అసలు ప్రతిని బిగ్గరగా చదువుతుంటే, రెండోవారు కొత్తగా అచ్చయిన కాగితం మీద వేలు కదుపుతూ తప్పుల్ని పట్టుకోవాలి. చదివేవాళ్లు ఎప్పటికప్పుడు మారిపోయేవారు, పట్టుకునేది మాత్రం ఆమే. ఆమెని పేరు పెట్టి పిలిచేవాళ్లు ఇక్కడ ఎవరూ లేరు, అందరికీ సాక్ష్యం అక్క. ఇరవై మూడేళ్ల వయసులో తన సాక్ష్యం రాసిచ్చింది. తోటి ఆడపిల్లని ప్రేమించిన తనని ప్రభువు ఎలా విడిపించాడో అందులో ఉంది. 'విడుదల' అనే ఈ చిన్న పుస్తకంలో అది ముప్పై ఒకటో పేజీలో మొదలవుతుంది. నాలుగు ముద్రణలు అయిపోయాయి. ఇది ఐదోది. పాత పేజీలన్నీ పాత కంప్యూటరుతో పాటే పోయాయి గనుక, అంతా కొత్తగా టైపు చేయించి, మొదటి ఫైల్లోని చేతిరాత ప్రతులతో సరిచూడమన్నారు సంఘకాపరి అయ్యగారు.

చదువుతున్న పిల్ల సంఘంలో పాటలు నేర్పే ఆవిడ కూతురు. కాలేజీలో తన బెంచీ పిల్లకి రాసిన మెసేజీలు తల్లి కంట పడ్డాయి. సోమవారం పొద్దున తల్లి ఆ పిల్లని వెంటబెట్టుకుని ఈ గదికి వచ్చింది.

"మీ నీడలో అయిదు రోజులుంటే చాలక్కా దీనికి," అంది. "వచ్చే సోమవారం విడుదల శిబిరానికి పంపిస్తున్నా. మూడు నెలలు. నేను చెప్తే చెవిన పెట్టదు. మీ సాక్ష్యం నిజమేనని మీరు మీ నోటితో ఒక్క మాటంటే మారుమాట్లాడకుండా వెళ్తానంది. కదే?"

పిల్ల అప్పుడు కిటికీ ఊచల్ని లెక్కపెడుతున్నట్టు నిలబడింది. "అన్నాను," అంది.

అయిదు రోజుల్లో ఆ ఒక్క మాటా జరగలేదు. పిల్ల అడగలేదు, ఆమె చెప్పలేదు. 'స్త్రీ ఎలా ఉండాలి' అనే అధ్యాయం అయిపోయింది, జుట్టు, గొంతు, కూర్చునే తీరు, నడక. "శిబిరంలో నడక నేర్పిస్తారట కదక్కా," అంది పిల్ల ఆ రోజు. "ఏడాది నిండకుండానే నేర్చేసుకున్నానని మా అమ్మే ఊరంతా చెప్పుకుంది. ఇప్పుడు మళ్లీ మొదటికొచ్చింది." ఆమె ఆ పేజీలో రెండు అచ్చుతప్పులు పట్టుకుంది.

పదకొండయ్యేసరికి ముప్పై ఒకటో పేజీ వచ్చింది.

పిల్ల ఫైల్లోంచి నాలుగు కాగితాలు తీసింది. మడతల దగ్గర పసుపెక్కాయి. ఇది మీదే కదా అన్నట్టు ఒకసారి చూసి, చదవడం మొదలుపెట్టింది. ఆమెకి ఆ పేజీలు కంఠతా వచ్చు. పెదవులకి అలవాటైపోయిన మాటలు, బస్సు కండక్టరు స్టాపుల పేర్లు చెప్పినట్టు వరసగా వచ్చేస్తాయి. అందుకే పెన్సిల్ ముందుకు పోతోంది, చెవి వెనక ఎక్కడో ఉంది.

"మా హాస్టల్లో నా పక్క మంచం తనది ఫుల్‌స్టాప్. తను తల తుడుచుకుంటుంటే నేను పుస్తకం మూసేదాన్ని ఫుల్‌స్టాప్. నేను ఇలా ఉన్నాను ఫుల్‌స్టాప్. ప్రభువు నన్ను చూస్తూనే ఉన్నాడు కామా..."

"తప్పు," అంది ఆమె. "సరిగ్గా చూడు. నేను అలా ఉండేదాన్ని."

"ఇలా ఉన్నాను అనే ఉందక్కా."

"ఎరుపు చదవాలి. నీలం కొట్టేసిన మాట. ఎరుపే చదవాలి, ఎన్నిసార్లు..." ఎన్నిసార్లు చెప్పాను అనబోయింది. ఒక్కసారీ చెప్పలేదు.

పిల్ల కాగితం తిప్పి బల్ల మీద పెట్టింది. నీలం సిరాలో ఆమె చేతిరాతే, ఇప్పటికంటే గుండ్రంగా ఉంది. 'ఇలా' లో మొదటి అక్షరం మీద ఎర్రగీత, పైన చక్కటి 'అ'. 'ఉన్నాను' మొత్తం కొట్టేసి పైన 'ఉండేదాన్ని'. ఆ తర్వాతి వాక్యంలో 'చూస్తూనే ఉన్నాడు' కొట్టేసి 'విడిపించాడు'. నాలుగు పేజీల్లోనూ మారింది అంతే. మిగతాదంతా ఆమె మాటే. తనే దిద్ది ఉంటే ఇంతకంటే పొదుపుగా దిద్దలేకపోయేది.

విచిత్రమేమిటంటే ఆమెకి ఇది గుర్తు లేదు. ఆ గది గుర్తుంది. నాన్న తలుపు గడియ పెట్టుకున్నాక అయ్యగారి భార్య చేయిపట్టుకుని తీసుకొచ్చి, ప్రెస్సు పైన గది ఇచ్చిన రోజు గుర్తుంది. కింద యంత్రం నడిస్తే మంచం వణికేది, ఆ వణుకులోనే మొదటిసారి కంటినిండా నిద్రపోయింది. ఆ గదిలో కూర్చునే ఈ నాలుగు పేజీలూ రాసింది. రాసింది మాత్రం 'అలా ఉండేదాన్ని' అనే రాసినట్టు ఇరవై ఏళ్లుగా గుర్తు. మనసు తన మీద తనే ప్రూఫు దిద్దుకుంటుంది కాబోలు. నీలం ఉండేదనే సంగతి కూడా మిగలకుండా.

"అక్కా, ఒకటి అడగనా?"

"అడుగు."

"ఎప్పుడు పోయింది?"

"ఏది?"

"అదే. జ్వరం తగ్గినట్టు ఒక పొద్దున లేచి చూస్తే లేదా? లేకపోతే జలుబులాగా, రోజుకింత, మెల్లగానా?" ఆ గొంతులో వెటకారం లేదు. "నిజంగా పోయేదైతే నేనూ వెళ్తానక్కా. అమ్మ ఏడుపు మింగుతూ పిల్లలకి పాట నేర్పిస్తోంది. చూళ్లేకపోతున్నా. ఎన్నో రోజుకి పోయిందో చెప్పండి చాలు, క్యాలెండర్లో గీతలు పెట్టుకుంటా."

"చదువు," అంది ఆమె.

"ముప్పై రెండా?"

"ముప్పై రెండు."

చదివింది. ఈసారి ఎరుపే చదివింది, ఒక్క కామా వదల్లేదు. ముప్పై నాలుగో పేజీ అయ్యాక కణతలు నొక్కుకుంటూ తలనొప్పి మాత్రేమైనా ఉందా అంది. సొరుగులో చూడమంది ఆమె. అన్నాక గుర్తొచ్చింది, అప్పటికే ఆలస్యమైంది.

"అమ్మో, ఇన్ని తలనొప్పులా మీకు? ఇరవై స్ట్రిప్పులున్నాయి, ఒక్కటీ చింపలేదు."

"మందుల షాపు దారిలోనే ఉంది. అప్పుడప్పుడూ తెస్తుంటాను."

షాపు దారిలో లేదు. రెండు వీధులు చుట్టూ తిరిగి వెళ్లాలి. కౌంటర్ వెనక ఉండే ఆవిడ కత్తెరతో స్ట్రిప్పు కత్తిరించి కాగితం సంచిలో వేసి, సంచి మూతిని రెండుసార్లు మడుస్తుంది. అంతకంటే ఏమీ లేదు. ఎన్నడూ ఏమీ జరగలేదు. ఆవిడకి తన పేరు కూడా తెలియదు. కానీ ఆదివారం ఆరాధనలో వెనక వరసలో ఆవిడ దగ్గితే తల తిప్పకుండానే తెలుస్తుంది. ఇది జ్వరమా, జలుబా? ఇరవై ఏళ్లుగా ఇలాంటి వాటిని వాటి చోట పెట్టి సొరుగు మూస్తూ వచ్చింది. దేవుడి మీద కోపం రాలేదు. ఆయనతో రోజూ మాట్లాడుతుంది, ఆయన ఉన్నాడనే విషయంలో ఒక్కనాడూ అనుమానం కలగలేదు. కానీ సభల్లో వందలసార్లు అన్న 'అలా ఉండేదాన్ని' అనే వాక్యాన్ని మోకాళ్ల మీద ఒక్కసారీ అనలేదు. తెలిసినాయనకి మళ్లీ చెప్పడమెందుకని అనుకునేది. అది కాదు కారణం. ఆయన ముందు అనడానికి జంకింది. ఈ సంగతి ఇప్పుడు తెలిసింది, అచ్చుతప్పు తెలిసినట్టే తెలిసింది, ఏ చప్పుడూ లేకుండా.

మధ్యాహ్నం అయ్యగారు వచ్చారు. ఈమధ్య మెట్లెక్కితే ఆయాసం. తలుపు పట్టుకుని కాసేపు నిలబడి, ఆ తర్వాత మాట్లాడారు.

"ఎంతవరకూ వచ్చారమ్మా? తొందరేం లేదులే. మా సాక్ష్యం అక్క కంట్లో పడ్డాక అచ్చుతప్పు బతికి బట్టకట్టదు," అని పిల్లకేసి నవ్వారు. "నేర్చుకుంటున్నావా?"

"నేర్చుకుంటున్నానయ్యగారూ. ఎరుపే చదవాలట."

ఆమె ఆ కాగితం తీసి ఆయన ముందు పెట్టింది. "ఇది మీ చేతిరాతేనా అయ్యగారూ?"

ఆయన కళ్లద్దాలు పైకి జరిపి, కాగితాన్ని ముక్కు దాకా తెచ్చుకుని చూశారు. "నాదే. అప్పట్లో చెయ్యి వణికేది కాదు చూడు." ముఖంలో దాచిందేదీ లేదు. "నువ్వు భయపడుతూ రాశావమ్మా. విశ్వాసమంటే జరగబోయేదాన్ని జరిగినట్టే పలకడం. ముందు నోరు పలకాలి, మనసు వెనకాలే వస్తుంది. రాలేదూ?"

ఆయన నిజంగానే అడుగుతున్నారు. చాలా ఏళ్లుగా నిశ్చయంగా ఉన్న మనిషి ఊరికే మరోసారి అడిగినట్టు. ఆ కళ్లలో ఉన్నది ప్రేమే. దాంట్లో ఎప్పుడూ కల్తీ చూడలేదు ఆమె. వీధిలో పడ్డ తనకి గది ఇచ్చిన మనిషి, ఇవాళ్టికీ పండు కోస్తే ఒక ముక్క పైకి పంపే ఇల్లు. ఈ గది, ఆ మంచం, అక్క అన్న పిలుపు, అన్నీ ఆ ఎర్రటి 'అ' మీద నిలబడి ఉన్నాయి.

"టీ తాగుతారా అయ్యగారూ?" అంది ఆమె.

"వద్దమ్మా, ఇప్పుడే తాగాను," అని ఆయన మెట్లు దిగిపోయారు. ఒక్కో మెట్టూ వినిపించింది. ఆమె లెక్కపెట్టలేదు. పిల్ల ఆమెనే చూస్తోంది, చూస్తోందని తెలుస్తోంది.

అయిదింటికి తల్లి వచ్చింది. పాటల పుస్తకాల సంచి భుజానికి, చేతిలో ప్లాస్టిక్ కవరు. గదిలో ఉన్న రెండు కుర్చీల్లో ఒకదాని మీద ఆమె, రెండోదాని మీద పాత ప్రూఫుల కట్టలు. పిల్ల ఈ అయిదు రోజులూ స్టూలు మీదే కూర్చుంది. తల్లి నిలబడే కవర్లోంచి కాగితం తీసింది.

"వందనాలక్కా. కాస్త దీని మీద ఒక్క సంతకం. శిబిరం వాళ్లు అడుగుతున్నారు. విడుదల పొందినవాళ్లు ఒకరు సాక్షిగా పెట్టాలట. మా సంఘంలో మీరు కాక ఇంకెవరున్నారు? పేరు వింటేనే వాళ్లు ఎంత సంతోషించారో."

"చెప్పారా అక్క?" అని కూతుర్ని అడిగింది.

"కామాలు చెప్పారు," అంది పిల్ల.

"దీనికి అన్నీ పరాచికాలే. నేను పోయాక తెలుస్తుంది." తల్లి గొంతు ఆఖరి మాట దగ్గర బొంగురుపోయింది. వెంటనే దగ్గి సర్దుకుంది, శ్రుతి తప్పిన పాటగత్తె సర్దుకున్నట్టు. "మీరే చెప్పండక్కా. మీ నోటితో ఒక్క మాట. ఆ తర్వాత నేనేమీ అడగను."

ఆమె కాగితాన్ని చూసింది. అలవాటు కొద్దీ పై నుంచి కింది దాకా తప్పుల కోసం చూసింది. ఎక్కడా తప్పు లేదు. అడుగున గీత, గీత కింద 'సాక్షి సంతకం'. పెన్ను తల్లే మూత తీసి అందించింది. చేతిలోకి తీసుకుంది. వాక్యం నోట్లో సిద్ధంగా ఉంది, ఎప్పటిలాగే, తోస్తే దొర్లిపోయేట్టు. తను అనకపోతే ఏమవుతుందో తెలుసు. రేపు అయ్యగారికి తెలుస్తుంది, ఎల్లుండి ఆదివారం. గది ఉండకపోవచ్చు. అంటే ఏమవుతుందో కూడా తెలుసు. ఈ పిల్ల క్యాలెండర్లో గీతలు పెట్టుకుంటుంది, తొంభై దాకా, ఆ తర్వాత ఇంకో క్యాలెండరు, తనలాగే నలభై మూడో ఏడు దాకా. భయం కోసం లోపల వెతికింది. దొరకలేదు. జాలి కోసం వెతికితే అదీ సరిగ్గా దొరకలేదు. దొరికింది ఒక్కటే. నోట్లో ఉన్న ఆ వాక్యం తప్పు, తప్పుని వదలకూడదు. ఇరవై ఏళ్లలో తనకి చేతనైన పని అదొక్కటే.

పెన్నుకి మూత పెట్టింది. కాగితాన్ని తిప్పి తల్లి వైపు జరిపింది.

"సంతకం మర్చిపోయారక్కా."

"మర్చిపోలేదు."

తల్లి కాగితాన్నీ, ఆమెనీ మార్చి మార్చి చూసింది. స్టూలు మీద పిల్ల కదలడం మానేసింది.

ఆమె లేచి, రెండో కుర్చీ మీది ప్రూఫుల కట్టలు ఒక్కొక్కటే తీసి నేల మీద పెట్టి, ఖాళీ అయిన కుర్చీని తల్లి వైపు జరిపింది.