పార్సిలు కాటా మీద బొడ్డమ్మ

నౌపడ స్టేషన్లో పార్సిలు కాటా మీద ఎండుచేపల గంపలు ఎక్కేవి, కొబ్బరికాయల బస్తాలు ఎక్కేవి, జీడిపప్పు డబ్బాలు ఎక్కేవి. అరవై ఎనిమిదో సంవత్సరం మార్గశిర మాసంలో మాత్రం ప్రతి బుధవారం ఒక పసిబిడ్డ ఎక్కింది.

ఎక్కించింది పార్సిలు గుమాస్తా గున్నయ్య. బిడ్డ అతని కూతురే. ఎక్కించమన్నది టెక్కలి డాక్టరమ్మ. వద్దు మొర్రో అన్నది గున్నయ్య తల్లి నూకమ్మ. ఇద్దరిలో ఎవరి మాట కాదంటే ఏం ముంచుకొస్తుందోనని నడుమ నలిగిపోయింది బిడ్డ తల్లి సూర్యకుమారి.

సూర్యకుమారి ఎనిమిదో తరగతి దాకా చదువుకుంది. భయపడటం మాత్రం ఎవరూ నేర్పక్కర్లేకుండానే వచ్చింది. మొగుడు డ్యూటీ నుంచి పావుగంట ఆలస్యమైతే పట్టాల మీద పడ్డాడేమో అనుకునేది. అయితే ఈ బిడ్డ సంగతిలో ఆమె భయానికి కారణం ఉంది.

రెండేళ్ళ కిందట తొలిచూలు కొడుకు ఇంట్లోనే పుట్టాడు. మంత్రసాని రెండు చేతులా ఎత్తలేక ఎత్తింది. క్వార్టర్లలో ఆడవాళ్ళంతా విరగబడి చూసి, "ఓలమ్మ, పనసకాయలాగున్నాడే!" అన్నారు. మూడోనాటికి ఆ పనసకాయ ఒళ్ళు చల్లబడింది, ఫిట్సు వచ్చాయి, పొద్దు వాలకుండానే చేతుల్లోంచి జారిపోయాడు. దిష్టి కొట్టిందంది నూకమ్మ. అందరూ అదే అన్నారు. సూర్యకుమారి కూడా అదే నమ్మింది.

రెండోసారి నెల తప్పాక ఐదో మాసంలో దాహం పట్టుకుంది. చెంబుడు నీళ్ళు తాగినా నాలుక పిడచకట్టేది. నీళ్ళగదిలో ఆమె వెళ్ళొచ్చిన చోట చీమలు బారులు కట్టేవి. టెక్కలి డాక్టరమ్మ గాజు గొట్టంలో నీలం మందు పోసి, అందులో ఆమె మూత్రం నాలుగు చుక్కలు వేసి దీపం మీద కాచింది. నీలం ఆకుపచ్చయింది, ఆకుపచ్చ పసుపయింది, చివరికి ఇటుకపొడి రంగుకు తిరిగింది.

"షుగరమ్మా. మొదటి కాన్పులో కూడా ఇదే అయి ఉంటుంది. తల్లి రక్తంలో తీపి ఎక్కువైతే కడుపులో బిడ్డ లావెక్కుతుంది. పుట్టి బొడ్డు కోశాక ఆ తీపి అందదు. వెంటనే పాలు పట్టకపోతే బిడ్డ ఒంట్లో ఉన్న కాస్తా పడిపోయి ఫిట్సొస్తాయి. ఆ బాబుకి ఎప్పుడు పాలిచ్చారు?"

సూర్యకుమారి మాట్లాడలేదు. ముర్రుపాలు పడకూడదని మూడు రోజులు పిండి పారబోయించింది అత్తగారే. ఆ అత్తగారు పక్కనే ఉంది.

ఆనాటి నుంచి రోజూ పొద్దున్నే కాంపౌండరు చేత ఇన్సులిన్ సూది. మూడు పూటలా రాగిపిండితో కాచిన చోడి అంబలి, కూరముక్కలు. సీమంతంలో ఐదుగురు ముత్తయిదువలు ఒడిలో చలిమిడి పెడితే వాసన చూసి పక్కన పెట్టింది. తొడల మీద సూదిపోట్లకు చోటు చాలక, ఎక్కడ పొడిపించుకోవాలో కూడా ఆలోచించే ఓపిక లేకుండా తొమ్మిదో నెలకు చేరింది.

ఆడపిల్ల టెక్కలి ఆసుపత్రిలో పుట్టింది. నాలుగు కిలోలు. గంట తిరక్కుండానే పాలు పట్టించారు, గ్లూకోజు నీళ్ళు చెంచాతో పోశారు. బాలింతకు సూదులు ఆపారు. పదోనాడు ఇంటికి పంపేటప్పటికి బిడ్డ మూడు కిలోల ఏడు వందలుంది.

"ఈ తగ్గడం మామూలే. ఇక వారం వారం పెరగాలి," అంది డాక్టరమ్మ. "తూచి రాసుకోండి. తగ్గిందో, ఆ పూటే పట్టుకురండి."

ఇంటికొచ్చాక నూకమ్మ యుద్ధం మొదలుపెట్టింది. "పసిగుంటని తూకమేత్తారేటి? ఉప్పా, సింతపండా? తూసిన గుంట పెరగదు. మా కాలంలో ఎవులు తూసినారు?"

"డాక్టరమ్మ సెప్పిందే అమ్మా," అన్నాడు గున్నయ్య.

"ఆయమ్మకి పిల్లల్నేరు. నీకేటి, కాటా కనబడితే సాలు, కన్నతల్లినైనా ఎక్కించీగలవు!"

రెండు రోజులు సాగి, చివరికి బేరం కుదిరింది. మంగళవారం కాదు, శుక్రవారం కాదు, బుధవారం. ఇరవై ఒకటో రోజు నీళ్ళు పోసుకోందే బాలింత గడప దాటకూడదు కాబట్టి బిడ్డను నూకమ్మే తీసుకెళుతుంది. కాటా మీద తనే పడుకోబెడుతుంది, తనే ఎత్తుకుంటుంది, మధ్యలో ఎవరి చెయ్యీ తగలకూడదు.

ఆ బుధవారం కిటికీ ఊచలు పట్టుకుని సూర్యకుమారి గంటసేపు నిలబడింది. స్టేషను నూరడుగుల దూరం. కాటా ఇనుపరేకు చల్లగా తగులుతుందేమో, గూడ్సు కూతకు ఉలిక్కిపడుతుందేమో, రాళ్ళ మీద అత్త కాలు మెలికపడుతుందేమో.

గున్నయ్య కేకేసుకుంటూ వచ్చాడు. "నాలుగు కిలోల నూరే! బొంత బరువు ముందే తూసి తీసీసినాను. వారానికి నాలుగొందలు పెరిగింది నీ కూతురు!"

ఆ పూట సూర్యకుమారి అన్నం నమిలి తిన్నది. బొద్దుగా తయారవుతోందని అప్పటినుంచే బిడ్డను బొడ్డమ్మ అని పిలవడం మొదలుపెట్టారు.

ఇరవై ఒకటో రోజు నీళ్ళు పోశారు. అంతవరకు బిడ్డ తలకింద గాలీ ధూళీ సోకకుండా పెట్టిన ఇనుప అడకత్తెరను నూకమ్మ తీసి తన వక్కల సంచిలో వేసుకుంది. ఇన్నాళ్ళూ వక్కలు రోట్లో దంచుకుని నమిలీ నమిలీ దవడలు పీకేశాయని సణుక్కుంటూ, కూతురు చిన్నతల్లిని చూసి రావడానికి పలాస వెళ్ళింది.

రెండో బుధవారం సూర్యకుమారే బిడ్డను స్టేషనుకు తెచ్చింది. కాటా దగ్గర పోర్టరు సన్యాసయ్య బీడీ ఆర్పి నవ్వాడు. "ఈ పార్సిలు ఏ ఊరికి బుక్కు సేత్తన్నారు బాబూ?"

బీడీ కంపు కన్నా ఆ మాటే ఆమెకు ఎక్కువ వెగటయింది. గున్నయ్య ఇనుప బద్ద మీద గుండును జరిపాడు, వెనక్కి జరిపాడు, మళ్ళీ జరిపాడు.

"సెప్పు మావా."

"ఉండు. కాటా సరిగ్గా నిలబడనేదు."

"సెప్పీ."

"మూడు తొమ్మిదొందలు."

వారం తిరిగేసరికి రెండు వందల గ్రాములు తరిగిపోయింది. సూర్యకుమారి బిడ్డను కాటా మీంచి గబుక్కున ఎత్తుకుంది. బిడ్డ మొహం చూస్తే బుగ్గలు జారినట్టే ఉన్నాయి. పొద్దున ముట్టుకున్నప్పుడు పాదాలు చల్లగా లేవూ? రాత్రి పాలు తాగుతూ మధ్యలో వదిలేయలేదూ? తన పాలలో తీపి మిగిలిపోయిందా, లేక తీపే లేకుండా పోయిందా? అత్త చెప్పినట్టు తూచడం వల్లనే తరిగిందా?

"టెక్కలి మీంచెల్లే గుణుపూరు బండి ఎప్పుడు?"

"ఇంకో అరగంట. నాను కూడా..."

"నీకు డ్యూటీ గదా. నానెలతాను."

ఆ చిన్న పట్టాల బండి పేరుకు రైలే కానీ దాని నడక ఎద్దుబండిని మించదు. ఉప్పు మడులు దాటేసరికే ఆమెకు ఓపిక అయిపోయింది. ఏడవడానికి కూడా ఒంట్లో కొంత సత్తువ ఉండాలి, అది లేదు. బిడ్డ ముక్కు దగ్గర వేలు పెట్టి ఊపిరి చూసుకుంటూ కూర్చుంది. ఎదురు బల్ల మీద ముసలామె, "బొద్దుగున్నాది గుంట," అంది. సూర్యకుమారి గబుక్కున పైటకొంగు కప్పేసింది.

డాక్టరమ్మ బిడ్డ గుడ్డలన్నీ విప్పించి తన తక్కెడలో పడుకోబెట్టింది. ముల్లు నిలిచాక కాగితం చూసింది.

"మూడు తొమ్మిది వందలు. పంపించేటప్పుడు మూడు ఏడు వందలు. రెండు వారాల్లో రెండు వందలు. బాగానే ఉందిగా? ఎందుకంత హడావిడిగా వచ్చావు?"

"పోయిన బుధవారం నాలుగు కిలోల నూరుందమ్మా. ఇయాల తగ్గిపోనాది."

"నాలుగు నూరా?" డాక్టరమ్మ కళ్ళజోడు తీసింది. "ఒక్క వారంలో నాలుగు వందలు పెరగడానికి ఇదేమన్నా పనసకాయా?"

ఆ మాటకు సూర్యకుమారి మొహం పాలిపోయింది. ఎందుకో డాక్టరమ్మకు తెలియదు. గొంతు తగ్గించి అంది: "అప్పటి తూకమే తప్పమ్మా. బిడ్డతోపాటు ఇంకేదో తూగింది. గుడ్డల్లో ఏమైనా ఉండిపోయిందేమో ఆలోచించు."

తిరుగు బండిలో ఆలోచించింది. బొంత బరువు గున్నయ్య తీసేశాడు. ఉంగరాలు, మురుగులు ఇంకా వేయలేదు. మరి ఆ బుధవారం బిడ్డతో ఉన్నదేమిటి, ఈ బుధవారం లేనిదేమిటి? ఉప్పు మడుల దగ్గర ఎండ కళ్ళలో పడింది. అప్పుడు గుర్తొచ్చింది, వక్కలు రోట్లో దంచుకుంటున్న అత్త.

రెండు రోజుల తరవాత నూకమ్మ పలాస నుంచి దిగింది. సంచి కింద పెట్టకముందే సూర్యకుమారి అడిగింది.

"అత్తా, ఆ బుధవారం బొంత మడతలో ఏటెట్టినావు?"

నూకమ్మ దాచలేదు. "అడకత్తెర. మరి ఇనుం నేకుండా ఎట్టీమంటావేటి, పదిమంది కళ్ళ ముందల?"

"నా పేనం పోనాదత్తా. గుంట తరిగిపోతన్నాదని టెక్కలి లగెత్తినాను."

ముసలిది గుమ్మంలో చతికిలబడింది. వక్క నోట్లో వేసుకోబోయి ఆగిపోయింది. "ఆ గుంటడికి పాలు పట్టనీలేదు నాను. మా అత్త సెప్పింది, నాను సెప్పినాను. డాక్టరమ్మ అడిగినపుడు నువ్వు నా పేరెత్తలేదు. దీనికి కూడా నా సేతిమీంచి ఏదైనా అయితే, మరి నాను బతికేటి? అందుకని ఎట్టినాను."

రెండేళ్ళుగా ఇంట్లో భయపడుతున్నది తనొక్కతే అనుకుంది సూర్యకుమారి. చెయ్యి పట్టి అత్తను లేపింది. "లే. కాళ్ళు కడుక్కో. అంబలుంది."

మూడో బుధవారం ఇద్దరూ కలిసి స్టేషనుకు వెళ్ళారు. సూర్యకుమారి చేతిలో అడకత్తెర ఉంది. బిడ్డ కన్నా ముందు దాన్ని కాటా మీద పెట్టింది.

"ఇదేటే?" అన్నాడు గున్నయ్య.

"తూయి మావా."

"మూడొందల ఏభై."

"రాయి. బొంతా, ఇదీ తీసీసి మిగిలిందే పిల్ల బరువు."

తర్వాత అడకత్తెరను బొంత మడతలోకి తనే దోపింది. నూకమ్మ వంగి చూసి ఇంకాస్త లోపలికి నెట్టింది. బిడ్డను పడుకోబెట్టారు. గున్నయ్య గుండు జరిపాడు, కాగితం మీద లెక్క వేశాడు, ఇంకోసారి వేశాడు.

"నాలుగు కిలోల నూరు. ఈపాలి నిజిం."

సూర్యకుమారికి సంతోషం రాలేదు. ఒళ్ళంతా నీరుకారినట్టయింది. పోయిన వారం కన్నా రెండు వందలు ఎక్కువ. వచ్చే బుధవారం ఎంతుండాలో అని అప్పుడే మనసు లాగుతోంది. పక్కనున్న కొబ్బరికాయల బస్తాకు వీపు ఆనించి కూలబడింది.

"ఏ ఊరికమ్మా ఈ పార్సిలు?" అన్నాడు సన్యాసయ్య, పాత మాటే.

"ఏ ఊరికీ నేదురా సచ్చినోడా," అంది నూకమ్మ బిడ్డను ఎత్తుకుంటూ. "ఇది ఇక్కడే ఉంటాది."

కోడలి వైపు తిరిగింది. "ఒలే, ఇంటికి రావేటి?"

సూర్యకుమారి వినలేదు. గూడ్సు కూత వేసుకుంటూ వెళ్ళినా వినలేదు. బస్తాకు తల ఆనించి, నోరు తెరుచుకుని నిద్రపోతోంది.