కొత్త ప్రాసెసర్‌కు అత్తగారి పరీక్ష

అత్తగారు బతుకంతా డ్రైవింగ్ నేర్పింది. ఆ పేటలో స్టీరింగ్ పట్టుకున్నవాళ్లలో సగం మంది ఆమె చేత తిట్లు తిన్నవాళ్లే. కాస్త స్పీడు పెంచితే చాలు, పక్క సీట్లోంచి చెవులు చిల్లులు పడేలా అరిచేది. అలాంటి మనిషి ఉద్యోగం మానేశాక ఏం చేస్తోందో తెలిస్తే ఆ శిష్యులు నోరు వెళ్లబెడతారు. కోడలు కంప్యూటర్లను హద్దు దాటించి పరుగెత్తిస్తుంటే, ఆ పరుగు బాగుందో లేదో అత్తగారు కుర్చీలో కూర్చుని తేల్చి చెబుతోంది.

కోడలు కంప్యూటర్ భాగాలను పరీక్షించి సమీక్షలు రాస్తుంది. కొత్త ప్రాసెసర్ బజారులోకి రాకముందే ఒకటి వాళ్లింటికి వస్తుంది. దాన్ని కంపెనీ పెట్టిన వేగంలో ఒకసారి, ఆ వేగం దాటించి మరోసారి నడిపి చూస్తుంది. అలా దాటించడాన్నే ఓవర్‌క్లాకింగ్ అంటారు. హద్దు మరీ మీరితే ప్రాసెసర్ తడబడుతుంది, ఆటలో బొమ్మ రెప్పపాటు నిలిచిపోయి మళ్లీ కదులుతుంది. ఆ రెప్పపాటును పట్టుకునే ప్రోగ్రాములు ఉన్నాయి గాని, అవి కూడా ఒక్కోసారి మోసపోతాయి.

అత్తగారి కన్ను మోసపోదన్న సంగతి అనుకోకుండా బయటపడింది. కొన్నేళ్ల కిందట కాలక్షేపానికి కార్ల రేసు ఆడుతూ, మలుపులో బొమ్మ ఆగుతోందని ఆమె అంటే కోడలు నవ్వి ఊరుకుంది. సాయంత్రానికల్లా ఆ కంప్యూటర్ చతికిలబడింది. అప్పటి నుంచి ఆ ఇంట్లో ఒక పద్ధతి ఏర్పడింది. ప్రోగ్రాములన్నీ అయ్యాక చివరగా అత్తగారు వానలో కొండదారి రేసు ఆడాలి. ఆమె "సాఫీగా ఉంది" అంటేనే ఆ వేగం సమీక్షలోకి ఎక్కుతుంది. "ఆగింది" అంటే వేగం తగ్గించాల్సిందే, ఎదురు ప్రశ్న లేదు. ఆ రేసులో ఆమె ఊరికే ఓడిన దాఖలా లేదు. ఓడిందంటే తప్పు యంత్రానిదేనని ఇంట్లో అందరికీ నమ్మకం, అందరికన్నా ఎక్కువ ఆమెకే నమ్మకం.

ఈసారి వచ్చిన ప్రాసెసర్ సంగతి వేరు. కోడలికి మొదటిసారి ఒక పెద్ద పత్రిక అవకాశం ఇచ్చింది. ఆటల కోసం కంప్యూటర్ కొనాలనుకునేవాళ్లు ముందుగా తెరిచి చూసే పత్రిక అది. సమీక్షకులంతా ప్రాసెసర్ చేతికందిన రోజు సాయంత్రమే ఒకే వేళకు తమ తొలి అభిప్రాయాలు బయటపెట్టాలని కంపెనీ షరతు. కోడలి రాత నిలబడితే ఆ పత్రికలో ఆమెకు చోటు ఖాయం. తప్పు రాస్తే మిగతావాళ్ల సమీక్షల పక్కన నగుబాటే.

ముందుగదిలో బల్ల మీద డబ్బా లేకుండా విప్పి పరిచిన కంప్యూటర్‌లో కోడలు ప్రాసెసర్‌ను కూర్చోబెట్టింది. వేడిని లాగే పేస్టు రాసి, పైన ఫ్యాను బిగించింది. ఆట మొదలవగానే, ఫ్యానుకు కరెంటు ఇవ్వడం మరిచిపోయావా అని అత్తగారు అడిగింది. అంత చప్పుడు లేకుండా ఉంది. పాత ప్రాసెసర్ అయితే ఈపాటికి పిండిమరలా రొద పెట్టేది. జనం కిక్కిరిసిన నగరం ఆటలో పాతది ఆపసోపాలు పడ్డ వీధుల్లో ఇది అవలీలగా సాగిపోయింది. ఇక వేగం దాటించడం మొదలైంది. కోడలు ఒక మెట్టు పెంచడం, అది తట్టుకోవడం, మళ్లీ పెంచడం. వేడి అదుపులోనే ఉంది. మధ్యాహ్నానికి, ఇంతవరకు ఏ ప్రాసెసర్‌తోనూ అందుకోని వేగాన్ని ఆమె అందుకుంది. ప్రోగ్రాములన్నీ సరేనన్నాయి. కోడలి ముఖం వెలిగిపోతోంది. ఇక మీదే ఆలస్యం అంటూ అత్తగారికి కుర్చీ జరిపింది.

అత్తగారు కళ్లజోడు సర్దుకుని కంట్రోలర్ అందుకుంది. ముప్పాతిక దారి వరకు ఆమెకు ఎదురే లేదు. చివర కొండ అంచున ఇరుకు మలుపు వచ్చింది. అక్కడ బ్రేకు నొక్కాలని ఆమెకు తెలుసు. కళ్లు చెప్పాయి, వేలు వినిపించుకోలేదు. నొక్కేసరికి కారు లోయలో ఉంది.

"ఆగింది" అంది అత్తగారు.

ఆలోచించి అన్న మాట కాదు. ఏళ్ల తరబడి అలవాటైపోయి దానంతట అదే నోట్లోంచి ఊడిపడింది. ఆ వెంటనే నాలుక కరుచుకుంది గాని, అప్పటికే కోడలు ప్రోగ్రాము గీసిన గ్రాఫు వైపు తిరిగింది. గ్రాఫులో ఎక్కడా వంకర లేదు. "దీనికేం తెలుసులెండి" అని గ్రాఫునే పక్కనపెట్టి, వేగం రెండు మెట్లు దించేసింది. అత్తగారి కొడుకు ఆఫీసు నుంచి ఫోన్ చేసి ఎలా ఉందని అడిగితే, అత్తయ్య ఆగిందన్నారని చెప్పింది. అయితే ఇంక అంతే అన్నాడు వాడు. వాళ్లిద్దరిలో ఒక్కరు ఎదురు ప్రశ్న వేసినా అత్తగారు దబాయించి బతికిపోయేది. నమ్మేవాళ్లను దబాయించడం ఎలాగో ఆమెకు తెలియదు.

తగ్గించిన వేగంలో అత్తగారు ఒళ్లు దగ్గర పెట్టుకుని ఆడి నెగ్గింది. సాఫీగా ఉందని చెప్పింది. ఆమె నెగ్గిన రేసులన్నిటిలోకీ చప్పగా ఉన్నది అదే.

కోడలు కూర్చుని సమీక్ష రాసింది. రాసింది చదివి వినిపించడం కూడా ఆ ఇంటి అలవాటు. ఆటలకు భేషైన ప్రాసెసరే గాని, వేగం పెంచుకునే సరదా ఉన్నవాళ్లకు నిరాశ తప్పదని చదువుతున్నప్పుడు కోడలి గొంతులో హుషారు లేదు. అత్తగారు తేలు కుట్టిన దొంగలా కూర్చుంది. కారును గోడకు గుద్ది, బ్రేకు పడలేదు టీచర్ అని తప్పు బండి మీదకు నెట్టిన శిష్యులను తను ఎంతగా చీల్చి చెండాడిందో గుర్తొచ్చింది. నిజం చెబితే పోయేదేమిటో కూడా తెలుసు. వేలు మొద్దుబారిన మనిషి చేత ఏ కోడలు మాత్రం పరీక్షలు పెట్టిస్తుంది? ఈ కుర్చీ పోతే ఇంట్లో తను కూరలు తరిగే పెద్దావిడ, అంతే. ఆ భయం ఒకటి. ఏ పాపమూ ఎరగని ప్రాసెసర్ మీద, దాంతోపాటు కోడలి పేరు మీద మచ్చ పడబోతోందన్న సిగ్గు అంతకన్నా ఎక్కువైంది.

"అమ్మాయ్, అది పంపకు. బొమ్మ ఆగలేదు. నేనే బ్రేకు ఆలస్యంగా నొక్కాను" అంది.

కోడలు తలెత్తి చూసింది. తర్వాత కంప్యూటర్ దగ్గరకు వెళ్లి వేగాన్ని మళ్లీ మధ్యాహ్నం అందుకున్న మెట్టుకు ఎక్కించి, కంట్రోలర్ తెచ్చి అత్తగారి ఒళ్లో పెట్టింది.

"మళ్లీ ఆడండి."

"ఓడిపోతానే."

"ఓడిపోండి అత్తయ్యా. గెలుపు ఎవడికి కావాలి? నాకు మీ మాట కావాలి."

అత్తగారు ఆడింది. అదే మలుపులో అదే లోయలో పడింది. సాఫీగానే ఉంది, నేనే ఓడిపోయాను అని గొణిగింది. మళ్లీ ఆడి మళ్లీ పడింది. ఈసారి మాట కాస్త స్పష్టంగా వచ్చింది. ఆ తర్వాత గెలుపు గొడవ వదిలేసింది. బొమ్మ మీదే చూపు నిలిపి, వాన చినుకులను, చక్రం కింద చిమ్మే బురదను, లోయలో పడుతున్నప్పుడు గిరగిరా తిరిగే చెట్లను చూసింది. ఎక్కడా నలుసంత తడబాటు లేదు. ఇంత శుభ్రంగా తనను ఓడించిన యంత్రాన్ని ఆమె ఇంతవరకు చూడలేదు. "రాసుకో అమ్మాయ్! వంక పెట్టడానికి లేదు" అంది. మీసాలుంటే మెలేసేది.

గడువు దాటకుండా కోడలు సమీక్షను తిరగరాసి పంపింది.

మర్నాడు పొద్దున్నే అత్తగారు తను పనిచేసిన డ్రైవింగ్ స్కూలుకు వెళ్లింది. అక్కడి యజమాని ఒకప్పటి ఆమె శిష్యుడే. తన ఫోన్ అతని చేతికిచ్చి, మా కోడలు రాసింది, గట్టిగా చదువు అంది. పాఠం కోసం వచ్చినవాళ్లంతా చుట్టూ మూగారు. అతను ప్రాసెసర్ వేడి గురించి, వేగం గురించి చదువుకుంటూ చివరికొచ్చాడు.

"చివరి పరీక్ష మా అత్తయ్య చేశారు. ఆవిడ ఈ ప్రాసెసర్ మీద వరసగా ఓడిపోయారు. ఒక్కసారి కూడా తప్పు దీనిది కాదని ఆవిడే చెప్పారు. ఆ మాట మీదే నేను ఈ వేగానికి పూచీ పడుతున్నాను."

మీరు ఓడిపోయినట్టు ఊరందరికీ తెలిసేలా వేసిందేమిటి టీచర్ అని అతను నొచ్చుకున్నాడు. అత్తగారు కళ్లజోడు తీసి తుడుచుకుంది.

"అక్కడే సరిగా చదవలేదు నువ్వు. 'వరసగా ఓడిపోయారు' దగ్గర్నుంచి మళ్లీ చదువు, వెనకున్నవాళ్లకి వినపడాలి" అంది.