గౌరినాయుడి కళ్ల ఎత్తు

నేను ఒక కెమెరాను. నాకు అద్దం లేదు, బరువు లేదు, మెడలో వేసుకునే పట్టీ అసలే లేదు. విశాఖలోని ఒక చిన్న యానిమేషన్ ఆఫీసులో, హైమావతి అనే అమ్మాయి కంప్యూటర్‌లో పుట్టాను. ఆమె కట్టే త్రీడీ బొమ్మల లోకంలో ఎక్కడ నిలబెడితే అక్కడి నుంచి చూడటమే నా ఉద్యోగం.

ఆ లోకం ఒక ఫ్యాక్టరీ షెడ్డు. అక్కడ క్రేన్ మోస్తున్న ఇనుము మీదపడి గౌరినాయుడనే కూలీ చనిపోయాడు. ఎర్రదీపం వెలుగుతున్నా లెక్కచేయకుండా లోపలికి నడిచాడని యాజమాన్యం మాట. తప్పు అతనిదని తేలితే భార్య పైడితల్లికి ఇస్తామన్న ఉద్యోగం ఉండదు. విచారణలో చూపడానికి ఆ ప్రమాదాన్ని బొమ్మ కట్టమని పని ఇచ్చింది కూడా యాజమాన్యమే.

హైమ మూడు కెమెరాలు పెట్టింది. ఒకటి పైకప్పు నుంచి, ఒకటి క్రేన్ డ్రైవరు సీటు నుంచి. మూడోదాన్ని నేను, గౌరినాయుడి కళ్ల దగ్గర. కాగితాల్లో అతని వయసుంది, టోకెన్ నంబరుంది, ఎత్తు మాత్రం లేదు. కూలీ ఎత్తు ఎవరికి కావాలి? హైమ పైడితల్లికి ఫోన్ చేసింది.

"అడుగులూ అంగుళాలూ నాకేటి తెలుస్తాదమ్మా. నా నెత్తి ఆయిన బుజం కాడికొస్తాది," అంది ఆమె. తర్వాత గోడకానుకుని తనను తాను కొలిపించుకుని మళ్లీ ఫోన్ చేసింది.

ఆ లెక్కన నన్ను నిలబెట్టి హైమ నడిపించింది. ఇనుప కడ్డీల కట్టలు దీపానికి అడ్డంగా ఉన్నాయి. వాటిని దాటేసరికి క్రేన్ నెత్తిమీదికి వచ్చేసింది. గౌరినాయుడికి ఆ దీపం కనబడనే లేదు.

అది చూసి మా ఆఫీసు మేనేజరు సదాశివరావు, నోట్లో వేలు పెడితే కొరకలేనంత అమాయకంగా, "మనకి పని ఇచ్చిందెవరమ్మా?" అన్నాడు. "పైనుంచి చూపించు. అన్నీ కనిపిస్తాయి. అందులో అబద్ధమేముంది?"

నిజమే, ఒక్క అబద్ధమూ లేదు. నాకు ఒళ్లు మండేది అందుకే. హైమ నన్ను దాచేసింది.

విచారణ రోజున హైమ ల్యాప్‌టాప్ నుంచి తెరమీద పైకప్పు కెమెరా ఆడింది. ఎర్రదీపం వెలుగుతోంది, గౌరినాయుడు తిన్నగా లోపలికి నడిచాడు. అధికారులు తలలూపారు. వెనక బెంచీ నుంచి పైడితల్లి లేచింది.

"అంత మీద నుండి సూసినోలెవులు బాబూ? మా ఆయిన కిందన కదా నడిసినాడు."

హైమ కీబోర్డు మీద మూడు అంకె నొక్కితే చాలు, ఆమె మొగుడి కళ్లు తెరమీద తెరుచుకునేవి. నేను ఎదురుచూశాను. హైమ ల్యాప్‌టాప్ మూసేసింది.

తప్పు గౌరినాయుడిదేనని రాశారు. నేనిప్పుడు ఆఫీసు సొరుగులో, ఒక హార్డ్ డిస్క్‌లో ఉన్నాను. పైడితల్లి కొలిచి ఇచ్చిన ఎత్తులోనే నిలబడి, ఆ కడ్డీల కట్టలనే చూస్తున్నాను.